డొల్లగా పలికిన రాయి

బ్రూమ్, ఆస్ట్రేలియా
14 జులై 2024, ఆదివారం

కుమారీ,

రాసేది నీ అన్న సాముయేలు. ఫోనులో అయితే రెండో నిమిషానికి పోట్లాడుకుంటున్నాం, కాయితం మీద అరవలేవు గదా, ఏం చెప్పినా రాసి చెప్పు అన్నావు. రాస్తున్నా. రాత్రి బడి మూడు నెలలు, ఆ తర్వాత బైబిలు, అంతే నా చదువు. పెన్ను పట్టుకుంటే గునపం పట్టుకున్నట్టే ఉంది. సిగ్నలు దొరికిన చోట మావాడు హ్యారీ ఈ పేజీ ఫోటో తీసి మీ యూనిస్‌కి పంపుతాడు. నువ్వూ అట్టాగే పంపు.

ఈ యాత్ర నేను అడిగింది కాదు. కోడలు ఎలీనాకి ఆఫీసులో సెలవు ఇవ్వలేదు, ఆమె సీటులో హ్యారీ నన్ను ఎక్కించాడు. జర్మనీలో ఎర్లాంగెన్లో సైకిళ్ళ మధ్య బిక్కుబిక్కుమంటా నడిచే ముసలోణ్ణి తెచ్చి సముద్రం అవతల పడేశాడు. పద్నాలుగు రోజులు డేరాల్లో పడుకోవాలంట, కొండ లోయలు చూడాలంట.

లారీకి బస్సు ఒళ్ళు తగిలించినట్టుంది బండి. మేం పన్నెండు మందిమి. నేనూ హ్యారీ తప్ప అందరూ జర్మనీ వాళ్ళే, అందరికీ తల నెరిసిందే. బండి తోలేది, దారి చూపేది, అన్నం పెట్టించేది ఉల్రికె అని అరవై ఏళ్ళ ఆడమనిషి. వచ్చీ రాగానే బండి తలుపు మీద ఒక పట్టీ అంటించింది. ఏ రోజు ఎవరు గిన్నెలు కడగాలి, ఎవరు కూరగాయలు కోయాలి. మంగళవారం గిన్నెలకి నా పేరు! నలభై మంది చేత పని చేయించిన మేస్త్రిని. మీ వదిన బతికుండగా గ్లాసు గూడా కడగలా. హ్యారీతో అంటే, "నాన్నా, ఇక్కడ డాక్టరు గూడా కడుగుతున్నాడు, నువ్వూ కడుగు" అన్నాడు.

ఇక నీ సంగతి. యూనిస్ బిడ్డ బాప్తిస్మానికి వాల్డార్ఫ్ రమ్మన్నావు. ఆగస్టు పదకొండుకి వస్తా. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి, అన్నం తిని, రైలెక్కుతా. నీ మొగుడు ఆశీర్వాదంతో మాట్లాడమని మాత్రం అడగొద్దు. ముప్పై ఒక్క ఏళ్ళు మాట్లాడలా, ఇప్పుడు మాట్లాడకపోతే వచ్చిన నష్టమేం లేదు. రాయిని తట్టి చెవి పెడితే అది గట్టిదో డొల్లదో చెప్పినోణ్ణి నేను. మాచర్ల చుట్టుపక్కల నాపరాళ్ళ క్వారీల్లో నా చెవి తప్పిందని అన్నోడు లేడు. ఆ రోజు బండ జారి ఆశీర్వాదం కాలు పోయిందంటే, నేను దిగమనకముందే దిగాడు కాబట్టి. అప్పుడు చర్చి సంఘంలో అందరి ముందూ చెప్పిందే ఇప్పుడూ చెప్తా.

ఇక్కడ నేల ఎర్రగా ఉంది. మన మిరపకాయల కల్లాం ఉంటదే, ఆకాశం అంచు దాకా ఆరబోసినట్టు.

సాముయేలు


వాల్డార్ఫ్
16 జులై 2024

అన్నా,

నీ ఫోటో ఉత్తరం యూనిస్ పెద్దది చేసి చూపించింది. చదివా. కాయితం మీద గూడా అరుస్తావని తెలీక అడిగా.

గిన్నెలు కడుగు. చేతులేం అరగవు.

ఇక్కడ మొన్న ఆదివారం ఇడ్లీ పిండికి మిక్సీ వేశానని కింద ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. ఆదివారం చప్పుడు చేయకూడదంట. యూనిస్ బతిమాలుకుంది. మీ బావ మాత్రం మంచం మీద నుంచే, "మంచి దేశమే, విశ్రాంతి దినం ఆచరిస్తున్నారు" అని నవ్వాడు.

ఆయన కాలు సంగతి. పాత చెక్క కాలు ఒరుసుకుని పుండు పడుతోంది. హైడెల్‌బర్గ్‌లో కొత్త కాలు కొలతలకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికింది, ఇరవై మూడో తారీకు. ఏడు వారాలు ఫోన్లు చేస్తే దొరికింది. కొత్త కాలుతో మనవరాలిని ఎత్తుకుని నిలబడాలని ఆయన ఆశ.

నేను మీ ఇద్దర్నీ కావలించుకోమని అడగట్లా. నాకు ఒక్క మాట కావాలి. ఆ రోజు నువ్వు "దిగు" అన్నావనీ, అంటేనే దిగాననీ ఆయన చెప్తాడు. అనలేదని నువ్వు చెప్తావు. నీ మాట సంఘం నమ్మింది, ఎందుకంటే నువ్వు మేస్త్రివి. ఆ తర్వాత ఏ క్వారీలోనూ ఆయన్ని కూర్చుని ఉలితో చెక్కే పనికి గూడా రానివ్వలేదు. "తొందర ఆశీర్వాదం" అని పేరు పెట్టారు. వాల్డార్ఫ్‌లో గూడా మన మాచర్ల వైపు కుటుంబాలు రెండున్నాయి, వాళ్ళ నోట్లో గూడా ఆ పేరే. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను తొందరోడి పెళ్ళాన్ని.

అన్నావా లేదా? అవునో కాదో రాయి. బాప్తిస్మానికి రాకముందే రాయి.

నీ చెల్లెలు,
ఏసుకుమారి


కింబర్లీ కొండల్లో
19 జులై, తెల్లారి

కుమారీ,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలా. ఇక్కడ ఫోను చచ్చిన చేపలాగా ఉంది. ఇవాళ ఉల్రికె డీజిలుకి వెళ్తంది, హ్యారీ గూడా వెళ్తన్నాడు, అక్కడ సిగ్నలు ఉందంట. అందుకని పొయ్యి కాడ కూర్చుని గబగబా రాస్తున్నా.

మొన్న ఒక లోయ చూశాం. సున్నపురాయి గోడలు. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినా అందవు. ఉల్రికె చెప్పింది, ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగంట. నేను నమ్మలా. సున్నపురాయి కోసినోణ్ణి నాకు చెప్పేదేంటి అని గోడ కాడికి పొయ్యా. చూస్తే రాయిలో గవ్వలు! పువ్వుల్లాంటివీ ముళ్ళలాంటివీ రాయిలో రాయై ఉన్నాయి. మన క్వారీలో అట్టాంటివి కనపడితే పురుగు పట్టిన బండ అని పక్కన పారేసేవాళ్ళం. ఎన్ని పారేశామో. వేళ్ళతో ఒక్కొక్కటీ తడిమి చూశా. కింద మడుగులో మొసళ్ళు ఎండ కాచుకుంటన్నాయి, అవి గూడా నా కంటికి ఆనలా.

నిన్న ఇంకో లోయకి వచ్చాం. ఇది ఎర్ర ఇసకరాయి. రెండు గోడల మధ్య ఇరుకు సందు, పైన ఆకాశం నీలం గుడ్డ పేలికంత. నడిచి నడిచి లోపలికి పోతే, గోడ కింద గుహలాగా తొలిచిన చోటు ఉంది, పైన రాయి ఇంటి చూరులాగా ముందుకొచ్చింది. నీడగా ఉందని ఆ చూరు కింద డేరాలు వేశారు. మూడు రోజులు అక్కడే అంది ఉల్రికె.

నేను డేరా మేకులు కొట్టే సుత్తి తీసుకుని గోడ తట్టా. చెవి పెట్టా. డొల్ల! కుండలాగా పలికింది. ఇంకో మూడు చోట్ల తట్టా, అదే పలుకు.

"లేవండి, ఈడ పడుకోవద్దు" అన్నా. హ్యారీ ఇబ్బంది పడతా జర్మన్‌లో చెప్పాడు. ఉల్రికె, ఇది ఏళ్ళ తరబడి వాడే చోటేనంది. నాతో కాదు, నవ్వతా వాడితో అంది. నాకు ఒళ్ళు మండింది. నా డేరా నేనే పీకి, ఈడ్చుకుంటా పోయి ఏటి ఇసకలో ఎండలో కూర్చున్నా. "మీరు చస్తే మీ పిల్లలకి ఉత్తరం నేను రాస్తా" అన్నా. హ్యారీ అదీ చెప్పాడేమో, డాక్టరు పెళ్ళాం ముందు లేచింది. ఆమె వెనకాల ఒక్కొక్కరే. పొద్దుగూకే లోపల డేరాలన్నీ ఇసకలోకి వచ్చినయ్. ఉల్రికె గూడా మూతి ముడుచుకుని వచ్చింది.

రాయి ఇంకా పడలా. పడుద్ది. పదమూడు ప్రాణాలు తప్పించా ఈ చెవితో. నీ మొగుడికి చదివి వినిపించు.

సాముయేలు


వాల్డార్ఫ్
23 జులై, మంగళవారం

అన్నా,

నీ ఉత్తరం శుక్రవారమే వచ్చింది. చదివి వినిపించమన్నావు. వినిపించా.

ఆయన ఇంకోసారి చదవమన్నాడు. చదివా. అవునో కాదో రాయమని నేను అడిగిన దానికి నువ్విచ్చిన సమాధానం ఇదా? నా ఉత్తరం నీకు అందలేదేమో అని యూనిస్ అంటోంది. అందితే మాత్రం నువ్వు వేరే రాస్తావా?

నాలుగు రోజులు ఆయన ఆ మాట ఎత్తలేదు. ఇవాళ హైడెల్‌బర్గ్ వెళ్ళాలి. యూనిస్ సెలవు పెట్టి, బిడ్డని పక్కింటామెకి అప్పచెప్పి, కారు బయటికి తీసింది. ఈయన లేవలేదు. చొక్కా గూడా వేసుకోలేదు. "ఏమయ్యా, టైము అవుతోంది" అన్నా.

"ముక్కూ మొహం తెలీని వాళ్ళని, కాళ్ళూ చేతులూ బాగున్నోళ్ళని, చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడంట" అన్నాడు. "అట్టా లాగటం వాడికి చేతనైతే, ఆ రోజు నన్నెందుకు లాగలేదు కుమారీ?"

చొక్కా అందిస్తే తీసుకోలేదు. పాత కాలు విప్పి మంచం కింద పెట్టాడు. కొత్తది వద్దన్నాడు. యూనిస్ కారు మళ్ళీ లోపల పెట్టింది.

బాప్తిస్మానికి నువ్వు రావొద్దు. బిడ్డకి నీ దీవెన అక్కడి నుంచే చెప్పు. నా నోటితో అన్నకి ఈ మాట చెప్పాల్సి వస్తదని అనుకోలేదు.

ఏసుకుమారి


అదే లోయ
21 జులై, ఆదివారం

కుమారీ,

హ్యారీ డీజిలు కాడి నుంచి నీ ఉత్తరం తెచ్చాడు. అవునో కాదో అడిగావు. అది చదివి రెండు రోజులైంది. ఇప్పుడు రాస్తున్నా. ఇది నీకు ఎప్పుడు అందుద్దో తెలీదు, ఇంకో నాలుగు రోజులు సిగ్నలు లేదంటన్నారు. ముందు జరిగింది చెప్పనీ. మధ్యలో ఆపొద్దు.

శుక్రవారం మధ్యాన్నం ఒక పెద్దావిడ వచ్చింది. ఈ నేల వాళ్ళది, వాళ్ళ తాతముత్తాతలందరిదీ. ఈ లోయ ఆవిడ వాళ్ళదేనంట, ఆవిడ సరే అంటేనే మనలాంటోళ్ళని లోపలికి తెస్తారు. అందరూ ఆవిణ్ణి ఆంటీ అనే పిలుస్తన్నారు, మన ఇళ్ళల్లో లాగానే. నల్లటి మనిషి, మన అమ్మ రంగు. ఇసకలో వరసగా ఉన్న డేరాలు చూసి, ఎండలో ఎందుకు కూర్చున్నారని అడిగింది. ఉల్రికె నా వంక చూపించింది.

ఆంటీ నా దగ్గరికొచ్చింది. హ్యారీ మాట అటూ ఇటూ మోశాడు.

"ఏం పని చేసేవాడివి?" అంది.

"రాళ్ళ మేస్త్రిని."

"ఏమంది రాయి?"

"డొల్ల అంది. పడిపోద్ది అంది."

ఆవిడ పకపకా నవ్వింది. కోపం రాలా నాకు, ఎందుకో. "రా" అని చెయ్యి పట్టుకుని ఆ చూరు కిందికి తీసుకుపోయింది. నేల చూపించింది. ఒక పక్క వరద కోసుకుపోయి, నేల అంచు గోడలాగా తెగి ఉంది. అందులో పొరలు. నాపరాయి పొరలు లెక్కపెట్టే కన్ను గదా నాది, చూశా. అవి రాతి పొరలు కావు. బూడిద. ఒక నల్ల చార, ఒక ఎర్ర చార, మళ్ళీ నల్ల చార. పొయ్యి మీద పొయ్యి, పొయ్యి మీద పొయ్యి. నా నడుము దాకా ఉంది. నా పాదాల కింద ఇంకా ఎంత ఉందో.

"మా ఆడవాళ్ళు ఇక్కడ గింజలు నూరేవాళ్ళు, వానొస్తే పిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టేవాళ్ళు" అంది. "ఎన్నేళ్ళ నుంచి?" అంటే హ్యారీ ఉల్రికెని అడిగి చెప్పాడు. వేల ఏళ్ళంట. ఒక వేయి కాదు, ఎన్నో. అబ్రాహాము పుట్టకముందు గూడా ఇక్కడ ఎవరో తల్లి బిడ్డకి జోల పాడిందన్న మాట, నేను పడుద్దన్న ఆ రాయి కింద.

లోపలి గోడ మీద చేతులున్నాయి కుమారీ. గోడ మీద చెయ్యి ఆనించి, నోట్లో రంగు నీళ్ళు పోసుకుని ఊదారంట. చుట్టూ రంగు, మధ్యలో చెయ్యి ఖాళీ. పెద్ద చేతులు, చిన్న చేతులు. మీ యూనిస్ బిడ్డ చెయ్యంత ఒకటి. ఫోటో తియ్యొద్దు అంది ఆంటీ. ఎవరూ తియ్యలా. నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నా. మాచర్ల చర్చిలో గూడా అంత భయం వెయ్యలా నాకు, అంత ఆనందమూ కలగలా. ఎవరో ఇప్పుడే చెయ్యి తీసి పక్కకి వెళ్ళినట్టుంది.

అప్పుడు ఆంటీ నన్ను గోడకి చెవి పెట్టమంది. పెట్టా. ఆవిడ అరచేత్తో నెమ్మదిగా తట్టింది. అదే డొల్ల పలుకు. "నీళ్ళు లోపల తొలిచి వెళ్ళిపోయినయ్. అది దాని గొంతు, అంతే. ఈ ఊళ్ళో నీ చెవి కొత్తది" అంది.

ఆ మాట నన్ను కూర్చోబెట్టేసింది. అక్కడే, ఆ బూడిద పక్కన.

ఎందుకో చెప్తా. ముప్పై ఒక్క ఏళ్ళు నేనొకటే లెక్క వేసుకున్నా. నా చెవి తప్పదు. నా చెవి తప్పనప్పుడు బండ జారకూడదు. బండ జారిందంటే తప్పు కిందున్నోడిది. ఈ లెక్కతోనే సంఘంలో లేచి చెప్పా, చెప్పీ చెప్పీ నేనే నమ్మా. ఇక్కడ గట్టి రాయిని డొల్ల అన్న చెవి, అక్కడ డొల్ల రాయిని గట్టిది అని ఉండదా?

అవును. నేనే దిగమన్నా.

తట్టా, గట్టిగా పలికింది, "దిగు బావా" అన్నా. ఆయన గునపం భుజాన వేసుకుని దిగాడు. తొందర పడలా. ఆగి, "ఇంకోసారి తట్టరా" అని గూడా అన్నాడు. "నా చెవి మీద నమ్మకం లేదా?" అన్నా నేను. అప్పుడు దిగాడు.

ఈ చివరి మాట ఆయన నీకు చెప్పాడో లేదో తెలీదు. నేను ఎవరికీ చెప్పలా.

శుక్రవారం సాయంత్రం మా డేరాలన్నీ మళ్ళీ చూరు కిందికి మార్చాం. నేనే ముందు మోశా. ఇవాళ గిన్నెలు గూడా నేనే కడిగా. నా వంతు కాదు.

సాముయేలు

26 జులై, కునునర్రా ఊరు. సిగ్నలు వచ్చింది. నీ మంగళవారం ఉత్తరం ఇప్పుడే చదివా. నేను గొప్ప చెప్పుకున్న కాయితం ముందు పోయి, ఇది వెనక మిగిలింది. నన్నెందుకు లాగలేదని అడిగాడంటివి. జవాబు పైన రాసే ఉంది. రావొద్దన్నావు, రాను. కానీ ఇది చించకు. చదివి వినిపించు. ఈసారి గొప్పకి కాదు.


వాల్డార్ఫ్
29 జులై 2024

అన్నా,

చదివా. ముందు నేనొక్కదాన్నే చదువుకుని, తలుపేసుకుని ఏడ్చా. తర్వాత ఆయనకి చదివా.

"ఇంకోసారి తట్టరా" అన్న మాట నాకు చెప్పలేదు ఆయన. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "అది చెప్తే నీకు అన్న గూడా మిగలడు గదా" అన్నాడు.

ఆ తర్వాత కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను కూర తరుగుతున్నా. ఉన్నట్టుండి, "కుమారీ, ఆ చూరు ఎన్ని బారలు ముందుకొచ్చిందంట?" అన్నాడు. నాకేం తెలుసు, రాయలేదన్నా. "పొరలు పడుకుని ఉన్నాయా, వాలి ఉన్నాయా?" అన్నాడు. "నీళ్ళు తొలిచిన రాయి గదా, చెమ్మ ఉందా?" అన్నాడు. వరసగా అడుగుతూనే ఉన్నాడు. రాయి గురించి ఆయన నోరు విప్పి ముప్పై ఒక్క ఏళ్ళైంది. యూనిస్ బిడ్డని ఎత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. దానికి నాన్న ఇట్టా మాట్లాడతాడనే తెలీదు.

అవన్నీ అడిగి, చివరికి అన్నాడు: "రమ్మను. సంఘంలో అన్నాడు, సంఘంలోనే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నీకు రాసిన ఉత్తరం నీకు. నాది నాకు కావాలి."

మా ఆరాధన జర్మనీ వాళ్ళ చర్చి హాల్లో, మధ్యాన్నం మూడింటికి. బాప్తిస్మం అయ్యాక సాక్ష్యాలు చెప్పుకోవడానికి సమయం ఇస్తారు. ఎవరైనా లేచి, ప్రభువు తమకి చేసింది చెప్పొచ్చు. మాచర్ల వాళ్ళు రెండు కుటుంబాలూ ఉంటారు. పాస్టరు గారితో నేనేం చెప్పలేదు. లేవడం లేవకపోవడం నీ ఇష్టం. లేవలేనంటే ఆ రోజు రావొద్దు, ఇంకెప్పుడైనా వచ్చి అన్నం తిని పో, తలుపు తీస్తా. నువ్వు నా అన్నవే.

వస్తావో రావో ఆయనకే రాయి. నాకు కాదు.

కొత్త టెర్మిన్ సెప్టెంబరు పన్నెండు ఇచ్చారు. వెళ్తానన్నాడు.

నీ చెల్లెలు,
ఏసుకుమారి


ఎర్లాంగెన్
6 ఆగస్టు 2024

బావా,

నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎట్టా మొదలుపెట్టాలో తెలీక మూడు కాయితాలు చింపా. హ్యారీ సాయం చేస్తానన్నాడు, వద్దన్నా.

ముందు నువ్వడిగినవి. చూరు నాలుగు బారలు ముందుకొచ్చింది, నేనే చేతులు చాపి కొలిచా. పొరలు పడుకునే ఉన్నాయి, ఒక పక్కకి కొంచెం వాలు, పళ్ళెంలో నీళ్ళు ఒలికేటంత. చెమ్మ లేదు. వెనక మూల ఒక్క చోట చల్లగా తగిలింది, చెయ్యి పెట్టి చూశా. ఇసకరాయే గానీ మన నాపరాయి కంటే గట్టిది, సుత్తి ఎగిరి వెనక్కి కొడతది. ఎరుపు ఒక ఎరుపు కాదు. పొద్దున కాల్చిన ఇటుక, మధ్యాన్నం తుప్పు, పొద్దుగూకేటప్పుడు లోపల దీపం పెట్టినట్టు. చెక్కుదామని నాకు ఒక్కసారి గూడా అనిపించలా. రాయిని చూసి ఉలి గుర్తుకు రాకపోవడం నాకు అదే మొదలు. నువ్వుంటే నీకూ అంతే.

పక్కన నువ్వుంటే బాగుండేది. ఈ మాట మళ్ళీ అడగొద్దు, రాయను.

ఆదివారం వస్తున్నా. న్యూరెంబర్గ్‌లో ఒకసారి బండి మారాలి, హ్యారీ తోడొస్తాడు. పొద్దున్నే ఇంటికి రాను. ముందు మీ ఇంట్లో అన్నం తింటే తర్వాత నాకు నోరు రాదు, నా సంగతి నాకు తెలుసు. నేరుగా హాలుకి వస్తా.

చెప్పేది బట్టీ పట్టా. ప్రభువు గురించి పెద్ద మాటలు నాకు రావు. అది ఏ సంవత్సరమో, ఏ క్వారీయో చెప్తా. రాయి తట్టింది నేనని చెప్తా. నువ్వు ఇంకోసారి తట్టమన్నావని చెప్తా. దిగమన్నది నేనేనని చెప్తా. మాచర్ల వాళ్ళ వంక తిరిగి, ఆయన పేరు ఆశీర్వాదం, ముందు ఏ మాటా తగిలించొద్దని చెప్తా. అంతే, కూర్చుంటా. నిన్న వంటగదిలో గోడకి చెప్పి చూసుకున్నా. రెండుసార్లు మధ్యలో ఆగిపొయ్యా. ఎలీనా విని, స్టవ్వు కట్టేసి పక్కన నిలబడింది.

అక్కడా ఆగిపోతే ఆగిపోనీ. ఎవర్నీ అందించనియ్యొద్దు. మళ్ళీ మొదలుపెడతా.

నువ్వు ముందు వరసలో కూర్చో బావా. బిడ్డని ఒళ్ళో పెట్టుకో. నేను లేచినప్పుడు మర్యాదకి నువ్వు లేవబోతావు, నాకు తెలుసు. లేవొద్దు.

సాముయేలు